చీటీ లేని నిద్ర: ఆరు నెలల కొనుగోళ్లపై ఒక సమీక్ష

మా పడకగది బీరువాలో మూడో అర మొత్తం నిద్ర కోసం కొన్న వస్తువులతో నిండిపోయింది. చెవుల్లో దూర్చుకునే ఫోమ్ బిరడాలు, నల్లటి కళ్లగంతలు, సగం ఖాళీ అయిన మెలటోనిన్ గమ్మీల సీసా, రెండుసార్లు కాచి వదిలేసిన చామంతి టీ పొట్లాలు, మెగ్నీషియం మాత్రల డబ్బా, ఛార్జింగు తీగతో సహా చుట్టి పెట్టిన చేతి బ్యాండు ఆ అరలో ఉన్నాయి. కిటికీ తెరలు, దిండ్లు అందులో పట్టేవి కావు కనుక వాటి చోట్లలో అవి ఉన్నాయి. తిరిగి పంపేసిన ఒక బరువు దుప్పటిని లెక్కలో వేయకుండా, ఆరు నెలల్లో వీటన్నిటికీ అయిన ఖర్చు సుమారు 8,400 రూపాయలు. లెక్కలు రాయడం నా వృత్తి. ఇంత సొమ్ముకు తగిన నిద్ర వచ్చిందా లేదా అన్నది తేల్చుకోకుండా ఉండలేకపోయాను.

నా వయసు 54. విజయవాడలో ఒక కల్యాణ మండపానికి రెండు వీధుల అవతల మా ఇల్లు. పడుకోగానే నిద్ర పట్టకపోవడం నా బాధ కాదు. రాత్రి పదింటికి పక్క మీదికి చేరితే పదకొండు లోపు పట్టేసే నిద్ర, తెల్లవారుజామున మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు తేలిపోయేది. ఆ తరువాత రెండు గంటలకు పైగా గడియారం చూస్తూ, ఆఫీసులో మిగిలిన పనులను, ఎప్పుడో ఎవరితోనో అన్న మాటలను తలచుకుంటూ పొర్లడం, అయిదున్నర ప్రాంతంలో మళ్లీ ఒక గంట కునుకు పట్టి ఆరున్నరకు బరువెక్కిన తలతో లేవడం జరిగేది. రెండేళ్లుగా ఇదే వరుస. నిద్రమాత్రలు వద్దని ముందే నిశ్చయించుకున్నాను. డాక్టరు గారు కూడా పరీక్షలు చేయించి, వెంటనే మాత్ర అవసరం లేదని, ముందు మిగిలిన మార్గాలు చూడమని చెప్పారు. ఈ సమీక్ష ఆ మిగిలిన మార్గాల గురించి.

ఒక హెచ్చరిక మొదటే చెప్పాలి. పక్కన పడుకున్నవారికి వినిపించేంత గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారికి, పగలు కూర్చున్న చోటనే తూలిపోయేవారికి ఇక్కడ రాసినవేవీ పనికిరావు. అది స్లీప్ ఆప్నియా అయ్యే అవకాశం ఉంది కనుక తెరలూ దిండ్లూ కొనడం మాని పరీక్షకు వెళ్లాలి. పడుకోగానే కాళ్లలో చెప్పలేని తీపు పుట్టి కదిలిస్తే తప్ప ఊరట దొరకనివారు కూడా రక్తంలో ఇనుము పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది. నాకు ఈ రెండూ లేవని తేలాకే ఈ కొనుగోళ్లు మొదలుపెట్టాను.

మొట్టమొదట మోసపోయేవాణ్నే. ఇంటి దగ్గరి మందుల షాపులో నిద్ర సరిగా పట్టడం లేదని యథాలాపంగా అన్నాను. కౌంటరులో ఉన్న కుర్రవాడు ఏ చీటీ అడగకుండా రెండు రకాల మాత్రలు బల్ల మీద పెట్టి, “ఇది గట్టిది సార్, ఇది మామూలుది” అన్నాడు. గట్టిది అల్ప్రాజోలం. అది మన దేశంలో హెచ్1 జాబితాలో ఉన్న మందు, చీటీ లేకుండా అమ్మడానికి వీలు లేనిది. మామూలుది అన్నది జలుబు మాత్ర, అంటే మత్తు కలిగించే పాతతరం యాంటీహిస్టమిన్. నిద్రకని జలుబు మాత్ర వేసుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఆ మత్తు నిద్ర కాదు. నాలుగు రోజులు వాడేసరికి శరీరం దానికి అలవాటు పడిపోతుంది, మర్నాడు మధ్యాహ్నం వరకు నోరు ఎండుతుంది, తల దిమ్ముగా ఉంటుంది. పెద్దవయసు వారిలో మూత్రం బిగబట్టడం, తికమక పడటం, తూలి పడిపోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. ముసలివారికి ఇవ్వకుండా ఉండటం మేలని అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం ప్రకటించే జాబితాలో ఈ మందులు ఉన్నాయి. రెంటినీ వెనక్కి నెట్టి వచ్చేశాను.

మెలటోనిన్ గమ్మీల కథ ఇంకొంచెం పెద్దది. డల్లాస్‌లో ఉంటున్న మా బావమరిది సెలవుల్లో వచ్చినప్పుడు తన సూట్‌కేసులో ఒక సీసా ఉంది. ఇక్కడికీ అక్కడికీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా కనుక, వచ్చిన మొదటి వారం తాను రోజూ ఒకటి వేసుకుంటానని చెప్పాడు. అతనికి అది పనిచేసింది, అబద్ధం కాదు. అది చూసి నేను ఆన్‌లైన్‌లో 30 గమ్మీల సీసా 599 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. మూడు వారాలు వాడాను. మూడింటి మెలకువ మూడింటికే వచ్చింది, అయిదు నిమిషాలు కూడా అటూ ఇటూ జరగలేదు.

ఎందుకు జరగలేదో ఆ తరువాత చదువుకుంటే తెలిసింది. మెలటోనిన్ మనిషిని జోకొట్టే పదార్థం కాదు. చీకటి పడిందని శరీరానికి కబురు చెప్పే హార్మోను మాత్రమే. ఆరోన్ లెర్నర్ అనే అమెరికన్ చర్మవైద్యుడు 1958లో ఆవుల మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి దీన్ని వేరు చేశాడు. విమానం దిగి పగలూ రాత్రీ తారుమారైనవారికి, అర్ధరాత్రి రెండు దాటితే తప్ప నిద్ర రాని కుర్రవాళ్లకు శరీరంలోని గడియారాన్ని ముందుకు జరుపుకోవడానికి అది పనికి వస్తుంది. నా గడియారం సరిగానే ఉంది, నిద్ర నిలబడకపోవడమే నా ఇబ్బంది. పైగా మామూలు మెలటోనిన్ ఒంట్లో చేరాక గంట లోపే సగం ఖర్చైపోతుంది. రాత్రి పదింటికి వేసుకున్నది మూడింటి దాకా నిలుస్తుందని ఆశించడం, పొద్దున తాగిన గంజితో రాత్రి ఆకలి తీరుతుందని ఆశించడం లాంటిది. అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి 2013లో చేసిన ఒక పరిశీలనలో నిద్ర పట్టడానికి పట్టే సమయం సగటున ఏడు నిమిషాలు తగ్గినట్టు తేలింది. ఆ ఏడు నిమిషాల కోసం 599 రూపాయలు నా లెక్కలో నష్టమే. సీసా మీద రాసిన మోతాదును నమ్మడమూ కష్టమే. అమెరికాలో అమ్ముతున్న 25 రకాల గమ్మీలను పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితాల్లో 22 రకాల మీద రాసిన మోతాదు తప్పని తేలింది. ఒకదానిలో మెలటోనిన్ బొత్తిగా లేదు. మరొకదానిలో రాసినదానికి మూడు రెట్లకు మించి ఉంది. బ్రిటన్‌లో ఇదే పదార్థానికి డాక్టరు చీటీ కావాలి. మన దగ్గర పిప్పరమెంటు రుచిలో, పండ్ల రుచిలో, పిల్లలకు చాక్లెట్టులా కనిపించే రూపంలో ఇంటికే వచ్చేస్తోంది. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాను చేతికందే చోట పెట్టవద్దు.

మెగ్నీషియం మాత్రలు 650 రూపాయలు. విరేచనం సాఫీగా అయింది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. చామంతి టీకి 350 రూపాయలు పెట్టాను, ఆ రుచికి మా ఇంట్లో ఎవరూ రెండో కప్పు అడగలేదు. పడుకోబోయే ముందు తాగిన అంత నీటికి అర్ధరాత్రి మరోసారి లేవవలసి రావడం అదనపు లాభం.

మూలికల్లో అందరూ చెప్పేది అశ్వగంధ, మన పెన్నేరుగడ్డ. దాని శాస్త్రీయ నామంలోని రెండో మాట ‘సోమ్నిఫెరా’కు లాటిన్‌లో నిద్ర తెచ్చేది అని అర్థం. ఎనిమిది పది వారాల పాటు రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఇచ్చి చేసిన చిన్న ప్రయోగాల్లో కొంత మేలు కనిపించిన మాట నిజమే. కానీ అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్ల మీద కూడా దానికి ప్రభావం ఉంది. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. మా ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది కనుక, ఒకరి డబ్బా ఇంకొకరు వాడే మా ఇంటి అలవాటును తలచుకుని, అసలు కొననే లేదు. వాడనిదానికి మార్కులు వేయడం న్యాయం కాదు కనుక ఇక్కడితో వదిలేస్తున్నాను.

వంటింటి వైద్యం ముచ్చట వేరు. జాజికాయను సానరాయి మీద రెండు చుట్లు అరగదీసి గోరువెచ్చటి పాలలో కలిపి ఇవ్వడం మా అమ్మ పద్ధతి. చరకసంహితలో నిద్ర తెప్పించే పదార్థాలన్నిటిలోకి గేదెపాలు శ్రేష్ఠమని ఉంది కనుక, మా అమ్మకు పుస్తకం తెలియకపోయినా ఆమె కలిపి ఇచ్చే పాలు మాత్రం శాస్త్రసమ్మతమైనవే. రెండు వారాలు తాగాను. మూడింటి మెలకువ మీద దానికి అధికారం లేదు గానీ, పదింటికి గ్లాసు చేతికి రాగానే రోజు ముగిసిందన్న భావం కలిగేది. ఆ గ్లాసు కోసమే ఫోను పక్కన పెట్టేవాణ్ని. మందుగా దీనికి పెద్ద మార్కులు వేయలేను, ఆచారంగా వేయగలను. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చిటికెడు పనిచేస్తోంది కదా అని జాజికాయను చెంచాల లెక్కన వేయకూడదు. అందులోని మిరిస్టిసిన్ ఎక్కువైతే వాంతులు, గుండెదడ, లేనివి ఉన్నట్టు కనిపించడం దాకా పోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ నిద్రను తెచ్చిపెడతామని చెప్పి అమ్ముడయ్యే సరుకు. వాటిలో ఏదీ తేలేదు. ఇక చెప్పబోయేవి నిద్రకు అడ్డం వచ్చేవాటిని తొలగించే వస్తువులు. నా అనుభవంలో సొమ్ము దక్కింది వీటి మీదనే.

ముందుగా వెలుతురు. మా కిటికీకి ఎదురుగా ఉన్న వీధిదీపం ఎల్‌ఈడీ వేసినప్పటి నుంచి గదిలో అక్షరాలు కనబడేంత వెలుగు. వెలుతురు దూరనివ్వని మందపాటి తెరలు రెండు కిటికీలకు 2,400 రూపాయలకు కుట్టించాను. బజారులో రెడీమేడ్‌గా దొరికేవి కిటికీ చట్రం కంటే చిన్నవై అంచుల వెంట వెలుతురు గీతల్లా దూరుతుంది కనుక, ఇరువైపులా అరడుగు, కింద అరడుగు అదనంగా కొలతలు ఇచ్చి కుట్టించుకోవాలి. కళ్లగంతలు 250 రూపాయలు. తెరలు వేశాక ఇంట్లో వాటి అవసరం లేదు గానీ రైలు ప్రయాణంలో బంగారం. కళ్ల దగ్గర గుంటలా ఉబ్బెత్తుగా ఉన్న రకం కొంటే రెప్పల మీద ఒత్తిడి ఉండదు.

తరువాత శబ్దం. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెళ్లు మించకూడదని 2000 సంవత్సరం నాటి నియమాలు చెబుతున్నాయి. మాఘమాసపు ముహూర్తాల్లో మా వీధికి ఆ నియమం వర్తించినట్టు కనబడదు. ఫోమ్ బిరడాలు అయిదు జతలు 180 రూపాయలు. ఇవి నేను కొన్నవాటిలో అత్యంత చవకైనవి, అత్యంత లాభదాయకమైనవి. కానీ చాలామంది వీటిని చెవి అంచున పెట్టి, పనిచేయలేదని పారేస్తారు. బిరడాను వేళ్ల మధ్య వత్తిలా సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి పట్టుకుని లోపలికి దూర్చి, అది ఉబ్బి చెవి గొట్టాన్ని నింపేవరకు అర నిమిషం వేలితో ఆపాలి. అలా పెట్టినా పెట్టె మీద రాసిన 29, 33 డెసిబెళ్ల తగ్గుదల పూర్తిగా రాదు, అందులో కొంత భాగమే వస్తుంది. నాకు ఆ కొంత భాగమే చాలింది. డీజే పాటలోని దరువు మాత్రం చెవి ద్వారా కాక గోడల ద్వారా, మంచం ద్వారా వస్తుంది కనుక దాన్ని ఏ బిరడా ఆపలేదు. ఒక జతను అయిదారు రాత్రులకు మించి వాడకపోవడం, చెవిలో గులిమి ఎక్కువగా ఉన్నవారు, చీము కారేవారు వాటి జోలికే పోకపోవడం మంచిది.

మూడోది వేడి. నిద్రలోకి జారేటప్పుడు శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంత తగ్గాలి. విజయవాడ మే నెలలో అది జరగడం శరీరానికి గగనమే. ఏసీని 18కి పెట్టి దుప్పటి ముసుగు తన్ని, మూడింటికి చలికి లేచి ఆపేసి, నాలుగింటికి చెమటకు లేచే పద్ధతి మాది. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారవుతున్నాయి. ఆ అంకెను ముట్టుకోకుండా వదిలేసి, పైన ఫ్యాను మధ్యరకం వేగంలో తిప్పితే రాత్రంతా ఒకే తీరుగా ఉంటుందని ఇన్నేళ్లకు గ్రహించాను. ఖర్చు లేని మరో ఉపాయం పడుకోవడానికి గంటా గంటన్నర ముందు వేడినీళ్ల స్నానం. వేసవిలో ఇది వింతగా అనిపించినా దానికి కారణం ఉంది. వేడినీటికి చేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు విప్పారి, స్నానం తరువాత లోపలి వేడి బయటికి పోతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 2019లో పాత ప్రయోగాలన్నిటినీ కలిపి చూసి 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో, పడకకు ఒకటి రెండు గంటల ముందు చేసే స్నానం వల్ల నిద్ర సగటున పది నిమిషాలు ముందుగా పడుతుందని తేల్చారు. చూశారా, గమ్మీ కంటే బాల్చీ నీళ్లకే మూడు నిమిషాలు ఎక్కువ వచ్చాయి.

బరువు దుప్పటిని మాత్రం ఈ ఊరి వాతావరణంలో ఎవరికీ సిఫారసు చేయను. లోపల గాజుపూసలు కుట్టిన ఏడు కిలోల దుప్పటి అది. స్వీడన్‌లో 120 మంది మానసిక సమస్యలున్న రోగులతో చేసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో దీనివల్ల చాలామందికి నిద్ర మెరుగుపడింది. స్వీడన్ చలి స్వీడన్‌ది. మా గదిలో అది కప్పుకుంటే మూకుడు మూసిన కుండలో ఉన్నట్టుంది. రెండో రాత్రే మడిచి, మూడో రోజు వెనక్కి పంపేశాను.

దిండ్ల గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ ఆరు నెలల్లో నాకు సంతోషం కలిగించిన కొనుగోలు అదొక్కటే. వన్‌టౌన్‌లో దూది ఏకి పరుపులు కుట్టే పాత దుకాణం ఒకటి ఉంది. మెమరీ ఫోమ్ దిండు ఒంటి వేడిని పట్టి ఉంచుకుంటుందని, మెడ కింద వెచ్చగా అవుతోందని చెబితే, దుకాణంలోని పెద్దాయన నవ్వి, “బూరుగు దూది పెట్టించుకోండి బాబూ, రాత్రికి మీ తల ఎక్కడుందో మీకే తెలియదు” అన్నారు. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటుంది కనుక తేలికగా, చల్లగా ఉంటుంది. మామూలు పత్తిలా ముద్ద కట్టడానికి చాలా కాలం పడుతుంది. నాసిరకం మిల్లు దూది కలిపి బూరుగు దూదిగా అమ్మేవాళ్లు ఉంటారు కనుక, కుట్టకముందే దూదిని గుప్పెట్లో నలిపి వదిలి చూడాలి. అసలైనది పట్టులా జారుతూ వెంటనే విచ్చుకుంటుంది, గింజలు చేతికి తగలకూడదు. తూకం మన ఎదుటే వేయించుకుని, దిండు పొరను మన ఎదుటే నింపించుకోవాలి. నేను మెడ నొప్పి దృష్ట్యా దూది కాస్త తక్కువ వేయించి పల్చగా కుట్టించుకున్నాను. రెండు దిండ్లకు గలేబులతో సహా 1,300 రూపాయలు. నెలకోసారి ఎండలో వేయాలి, రెండు మూడేళ్లకోసారి విప్పించి మళ్లీ ఏకించుకోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ నీళ్లలో తడపకూడదు. దుమ్ము పడనివారికి, ఆయాసం ఉన్నవారికి ఇది సరిపడదని కూడా చెప్పాలి. ఈ దిండు నా మూడింటి మెలకువను తగ్గించిందా అంటే లేదు. మెలకువగా ఉన్న రెండు గంటలను సుఖంగా గడిపేలా చేసింది.

చేతి బ్యాండుకు 2,700 రూపాయలు పోశాను. కొన్నవాటన్నిటిలో ఇదే నాకు చేటు చేసింది. అది మణికట్టు కదలికలను, చర్మం మీద వెలుతురు వేసి నాడి కొట్టుకునే తీరును చూసి, మనం ఎప్పుడు గాఢనిద్రలో ఉన్నామో ఊహిస్తుంది. కదలకుండా మేలుకుని ఉన్నవాణ్ని నిద్రపోయినట్టే రాసుకుంటుంది. ఒక రాత్రి రెండు గంటల పాటు దూలాలు లెక్కపెడుతూ వెల్లకిలా పడుకున్న సమయానికి ‘తేలిక నిద్ర’ అని గీత గీసింది. ఇంకో రోజు చక్కగా నిద్రపోయి లేచి, ఫోనులో 61 మార్కులు చూసి, ఆ రోజంతా నీరసంగా ఉన్నాను. ఉదయం లేస్తూనే మార్కుల కోసం ఫోను తీయడం, రాత్రి పడుకుంటూ ఇవాళ ఎన్ని వస్తాయోనని ఆలోచించడం పెరిగింది. నిద్ర మార్కుల మీద మోజుతో నిద్ర పాడుచేసుకునే ఈ ధోరణికి 2017లో అమెరికాలోని నిద్ర వైద్యులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టించుకునేంత మంది రోగులు ఉన్నారని తెలిసి కొంత ఊరట కలిగింది. అయిదో వారం బ్యాండు విప్పి బీరువాలో పెట్టాను.

దాని స్థానంలో అయిదు రూపాయల పెన్సిల్, పాత డైరీ తీసుకున్నాను. అసలు పనిచేసిన పద్ధతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలలో సీబీటీ-ఐ అంటారు, అంటే నిద్ర గురించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చి, మాత్ర లేకుండా మాటలతో చేసే నిద్రలేమి చికిత్స. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మాట్లాడి చేసే వైద్యం అంటే నిమ్మళంగా ఓదార్చడమని నేను అనుకున్నాను. తీరా చూస్తే ఇందులో ప్రధానమైన రెండు సూత్రాలు బడిపంతులు బెత్తం లాంటివి.

మొదటిది 1972లో అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ చెప్పినది. మంచం నిద్రకు తప్ప ఫోనుకు, లెక్కలకు, దిగులుకు వేదిక కాకూడదు. ఇరవై నిమిషాలు గడిచాయని అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లిపోవాలి. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ రావాలి. గడియారం చూడకూడదు కనుక దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. మూడింటికి లేచి హాల్లో పడక కుర్చీలో, సన్నటి దీపం కింద, మూడేళ్ల కిందటి గంటల పంచాంగం చదవడం మొదలుపెట్టాను. గడిచిపోయిన సంవత్సరపు రాశిఫలాల కంటే నిద్ర తెప్పించే సాహిత్యం మరొకటి ఉంటుందని నేననుకోను.

రెండోది 1987లో మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ ప్రచురించినది, ఇంకా కఠినమైనది. నిద్ర సరిపోనివాడికి పక్క మీద ఉండే సమయాన్ని ఇంకా తగ్గించాలట. మొదట విన్నప్పుడు ఇది ఆకలిగొన్నవాడి విస్తరి లాగేయడంలా తోచింది. డైరీలో రెండు వారాలు రాశాక లెక్క కట్టాను. పది నుంచి ఆరున్నర వరకు పక్క మీద గడుపుతున్నది ఎనిమిదిన్నర గంటలు, అంటే 510 నిమిషాలు. నిద్రపోతున్నది సగటున 320 నిమిషాలు. నూటికి 63 పాళ్లు. మిగిలిన 37 పాళ్ల సమయంలో మంచం మీద మెలకువగా ఉండటాన్ని నాకు నేనే రెండేళ్లుగా సాధన చేయించుకుంటున్నానన్నమాట. లెక్కల మనిషిని కావడం వల్ల ఈ అంకె నన్ను కదిలించినంతగా ఏ ఉపదేశమూ కదిలించలేదు.

అప్పుడు రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం అయిదు వరకు అయిదున్నర గంటలు మాత్రమే పక్క అని నిర్ణయించుకున్నాను. అయిదు గంటలకు తక్కువ ఎప్పుడూ పెట్టకూడదు. అయిదింటికి, ఆదివారమైనా, రాత్రంతా కళ్లు మూయకపోయినా, లేచి తీరాలి. పగటి కునుకు లేదు. మేలుకున్న ప్రతి గంటా నిద్ర ఒత్తిడి పోగుపడుతుంది, పక్క మీద గడిపే అదనపు సమయం దాన్ని పల్చన చేస్తుంది. ఈ ఒత్తిడినీ శరీరపు గడియారాన్నీ రెండు చక్రాలుగా చూపిన నమూనాను 1982లో బోర్బేలీ అనే నిద్ర పరిశోధకుడు ప్రతిపాదించాడు. మొదటి పది రోజులు నరకం. పదింటికే కళ్లు మూసుకుపోతుంటే సోఫాలో తూగకుండా ఉండటానికి వంటింట్లో గిన్నెలు తోమాను. మా ఆవిడ ఈ వైద్యానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఆ రోజుల్లో స్కూటరు ముట్టుకోకుండా ఆటోలో ఆఫీసుకు వెళ్లాను. బండి, యంత్రం నడిపేవారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మనస్థితి అతిగా పైకీ కిందికీ ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఈ పని చేయకూడదు. పన్నెండో రాత్రి మొట్టమొదటిసారి మూడింటికి నాకు మెలకువ రాలేదు. అయిదింటి అలారానికి లేచాను. ఆ అలారం ఏడ్చినట్టుండే కూత రెండేళ్లలో మొదటిసారి నన్ను నిద్రలోంచి లేపింది.

నిద్ర 85 పాళ్లు దాటిన వారానికి పావుగంట చొప్పున సమయం పెంచుకుంటూ, రెండుసార్లు వెనక్కి తగ్గి, తొమ్మిది వారాలకు ఏడు గంటలకు చేరాను. ఇప్పుడు పదిన్నర నుంచి అయిదున్నర వరకు పడుకుంటున్నాను. 420 నిమిషాల్లో 380 నిమిషాలు నిద్ర, అంటే నూటికి 90. లేవగానే అరగంట కృష్ణ ఒడ్డున నడుస్తున్నాను. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయటి వెలుతురు ఇంటి దీపాలకు ఎన్నో రెట్లు ఉంటుంది, శరీరపు గడియారానికి కీ ఇచ్చేది అదే. ఈ పద్ధతి మొత్తానికి అయిన ఖర్చు పెన్సిల్ ఖరీదు. డైరీ ఒక బ్యాంకు ఉచితంగా ఇచ్చినది.

కాఫీ మాట రాయకపోతే సమీక్ష అసంపూర్ణం. సాయంత్రం అయిదింటి ఫిల్టర్ కాఫీ నా మూడో పురుషార్థం. కాఫీలోని కెఫీన్ నిద్ర ఒత్తిడిని మెదడుకు తెలియజేసే అడినోసిన్‌కు అడ్డుగా కూర్చుంటుంది, ఒంట్లో అది సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. ఆ లెక్కన నేను పదింటికి పడుకుంటున్నప్పుడు సగం లోటా కాఫీ కడుపులో పెట్టుకుని పడుకుంటున్నట్టు. మధ్యాహ్నం పన్నెండు తరువాత మానేశాను. మూడు రోజులు తలనొప్పి, ఆ తరువాత అయిదింటికి ఏదో పోగొట్టుకున్నట్టుండే దిగులు. అది ఇంకా పోలేదు, పోతుందని కూడా ఆశ లేదు.

మిగిలిన చిక్కు ఒకటి చెప్పాలి. గత వేసవిలో కరెంటు ఆదా అవుతుందని పడకగదిలో పాత ఫ్యాను తీసి కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను బిగించాం. అది 32 వాట్లు తింటుంది, పిల్లిలా తిరుగుతుంది. ఆ నిశ్శబ్దంలో వంటింటి ఫ్రిజ్ గురగుర, లారీల హారన్లు, పక్కింటి కుళాయి బొట్లు కూడా నాకు వినబడసాగాయి. నిద్ర కోసం తెల్లని హోరు వినిపించే యాప్‌లకు నెలనెలా చందా కట్టేవాళ్లున్నారు. మన తాతల నాటి ఫ్యానులు ఆ హోరును ఊరికే ఇచ్చేవి. అటక మీద నుంచి పాతదాన్ని దించి మళ్లీ బిగించమంటే ఎలక్ట్రీషియన్ నా ముఖం, ఫ్యాను ముఖం మార్చి మార్చి చూశాడు. అది 75 వాట్లది. రాత్రికి ఏడు గంటల చొప్పున నెలకు తొమ్మిది యూనిట్లు అదనం. ఆ పద్దును మందుల ఖర్చు కింద రాసుకుంటున్నాను.